సర్దుకోవాల్సింది ఎవరు?

‘సర్దడం’ అన్న మాటని మనం ఎన్ని పనులకి వాడతామో చూడండి. బీరువా సర్దుతాం, సూట్‌కేసు సర్దుతాం. నెలాఖరుకి ఓ అయిదు వేలు సర్దమని స్నేహితుణ్ణి అడుగుతాం. సీట్లో కొంచెం సర్దుకోండి అంటే పక్కాయన జరుగుతాడు. ఇవన్నీ ఎవరికీ పేచీ లేని వాడకాలు. అదే మాటకి చివర ‘పో’ చేర్చి ‘సర్దుకుపో’ అన్నప్పుడు మాత్రం అది నీతి అయిపోతుంది. ఆ నీతి ఎవరికి చెబుతామో కూడా చూడండి. అత్తారింటికి వెళ్లిన అమ్మాయికి చెబుతాం, అత్తారింటికి చెప్పం. అద్దెకి దిగినవాళ్లకి చెబుతాం, ఓనరుకి చెప్పం. టీములో కొత్తగా చేరిన కుర్రాడికి చెబుతాం, పదేళ్లుగా అదే కుర్చీలో ఉన్న మేనేజరుకి చెప్పం. ఎవరు చివర్న వచ్చారో, ఎవరిని కదపడం తేలికో, వాళ్లే సర్దుకోవాలి. ఇది మనం ఎప్పుడూ పైకి అనని నియమం.

ఆ నియమం సరైనదేనా? రెండు వస్తువులు గానీ ఇద్దరు మనుషులు గానీ ఒకరికొకరు కుదరనప్పుడు సర్దుకోవాల్సింది ఎవరు, ఎంతవరకు? ఈ ప్రశ్న గురించి నేను గట్టిగా ఆలోచించింది ఒక కారు బానెట్ వల్ల. కొండాపూర్, కొత్తగూడ వెనక సందుల్లో, గాజు టవర్లకి కూతవేటు దూరంలో, డెంటింగ్-పెయింటింగ్ షెడ్లు ఇంకా ఉన్నాయి. అలాంటి ఒక షెడ్డులో కొత్త బానెట్ అమర్చడం దగ్గరుండి చూశాను. ఆ పని ఎలా జరుగుతుందో ముందు కాస్త వివరంగా చెప్పాలి. నా వాదన అంతా దాని మీదే నిలబడి ఉంది.

*

బానెట్ చూడ్డానికి ఒకే రేకులా ఉంటుంది గానీ నిజానికి రెండు. పైన కనిపించే నున్నటి రేకు, దాని కింద పక్కటెముకల్లాంటి ఇంకో రేకు. అంచుల దగ్గర పై రేకుని కింది రేకు మీదికి మడిచి నొక్కుతారు. వెనక, అద్దం వైపు, రెండు హింజ్‌లు. ముందు, మధ్యలో, లాక్. బానెట్‌కి కింద ఉన్న ఒక కొక్కెం వచ్చి ఆ లాక్‌లో పడుతుంది. ముందు మూలల్లో రబ్బరు స్టాపర్లుంటాయి. వాటిని మరలా తిప్పితే ఎత్తు పెరుగుతుంది, తగ్గుతుంది.

హింజ్‌లో బోల్టు దూరే రంధ్రాన్ని ఎప్పుడైనా చూశారా? అది బోల్టుకి సరిగ్గా సరిపడే గుండ్రటి రంధ్రం కాదు. చొక్కా కాజాలా పొడుగ్గానో, లేదా బోల్టు కంటే బాగా వెడల్పుగానో ఉంటుంది. అంటే డిజైన్ చేసినవాళ్లు ముందే ఒప్పుకున్నారన్నమాట: ఒకే అచ్చులో తయారైన రెండు బళ్లు కూడా మిల్లీమీటరుకి మిల్లీమీటరు ఒకేలా ఉండవని, ఈ రేకుని రేపు ఎవరో ఎక్కడో కొంచెం అటూ ఇటూ జరుపుకోవాల్సి వస్తుందని. ఆ జరుపుకోవడానికి ఎంత చోటు ఇవ్వాలో కూడా వాళ్లే లెక్కకట్టి పెట్టారు.

ఇక పని వరస. కొత్త బానెట్ నల్లటి ప్రైమర్ పూతతో వస్తుంది. పని తెలిసిన షెడ్డులో దాన్ని రంగు వేయకముందే ఒకసారి బండి మీద కూర్చోబెట్టి చూస్తారు. రంగేశాక జరిపితే అంచులు రాసుకుని గీతలు పడతాయి. ఇద్దరు చెరో పక్క పట్టుకుని హింజ్‌ల మీద పెట్టి, బోల్టులు వేళ్లతో తిప్పి వదిలేస్తారు, పానా ఇంకా పెట్టరు. లాక్‌లో పడే కొక్కేన్ని తీసి పక్కన పెడతారు. రబ్బరు స్టాపర్లని పూర్తిగా దించేస్తారు. అప్పుడు బానెట్‌ని మెల్లగా దించి మొదట అద్దం వైపు సందు చూస్తారు, తర్వాత రెండు ఫెండర్ల పక్క సందులు. ముందుకీ వెనక్కీ, ఎడమకీ కుడికీ జరపడం హింజ్‌ల దగ్గరే. వెనక ఎత్తు చాలకపోతే హింజ్ కింద పల్చటి వాషర్ వేస్తారు. ముందు ఎత్తు స్టాపర్లతో సరిచేస్తారు. స్టాపరుకీ బానెట్‌కీ మధ్య ఒక కాగితం ముక్క పెట్టి, మూసి, లాగి చూస్తారు. రెండు మూలల్లోనూ కాగితం ఒకేలా పట్టుకుంటే బరువు సమానంగా పడుతున్నట్టు.

సందు ఎంత ఉండాలన్నది కారుని బట్టి మారుతుంది, ఉజ్జాయింపుగా మూడు నుంచి అయిదు మిల్లీమీటర్లు. కొలవాలంటే మన దగ్గరే కొలబద్ద ఉంది. మెడలో వేలాడే ఐడీ కార్డు, జేబులో ఏటీఎం కార్డు, ఇలాంటివి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 0.76 మిల్లీమీటర్ల మందం. అయిదు కార్డులు కలిపితే 3.8. ఆ కట్టని సందులో పైనుంచి కిందిదాకా జరుపుతూ పోతే ఎక్కడ ఇరుకవుతోందో వేళ్లకి తెలిసిపోతుంది. నిజానికి అంకె కంటే సమానత్వం ముఖ్యం. మొదట్లో మూడు, చివర్లో ఆరు ఉన్న సందుని పది అడుగుల దూరం నుంచి కూడా కన్ను పట్టేస్తుంది. పొడుగునా అయిదున్నర ఉంటే పట్టుకోదు.

ఇవన్నీ అయ్యాక, అన్నిటికంటే ఆఖర్న, లాక్. కొక్కేన్ని తిరిగి బిగించి, అది లాక్‌లో నడిమధ్యన పడేలా లాక్‌ని జరుపుతారు. బానెట్‌ని ఒక జానెడు ఎత్తు నుంచి వదిలేస్తే తన బరువుకి తనే ‘టక్’ మని పడాలి. ఈ ఆఖరు అన్న వరసలోనే అసలు విషయం ఉంది. లాక్ పని పట్టుకోవడం, లాగడం కాదు. లాక్‌ని ముందే బిగిస్తే అది వంకరగా ఉన్న బానెట్‌ని కూడా తనవైపు గుంజుకుని కూర్చోబెట్టేస్తుంది. మూసి ఉన్నప్పుడు అంతా బాగానే కనిపిస్తుంది. కానీ ఆ రేకు రాత్రీపగలూ బిగదీసుకుని ఉంటుంది. హింజ్‌లు, లాక్, రెండూ తమది కాని బరువు మోస్తూ ఉంటాయి.

*

బండి ముందు భాగంలో రేకుల వరసకి ఒక తర్కం ఉంది. డోర్లని బాడీకి సరిచూసి పెడతారు. ఫెండర్లని డోర్లకి సరిచూసి పెడతారు. బానెట్‌ని ఆ రెండు ఫెండర్ల మధ్య కూర్చోబెడతారు. డోరు దగ్గర అర మిల్లీమీటరు తేడా ఉందనుకోండి, ఎవరికీ కనిపించదు. ఫెండరు దగ్గర అది ఒకటవుతుంది, అదీ కనిపించదు. బానెట్ దగ్గరకొచ్చేసరికి అన్నీ కలిసి రెండో మూడో అవుతాయి. అప్పుడు కనిపిస్తుంది. చూసినవాడు ఏమంటాడు? ‘బానెట్ సరిగ్గా లేదు’ అంటాడు. తన ముందున్న అందరి తప్పుల మొత్తం ఆఖర్న వచ్చినవాడి ఖాతాలో పడుతుంది.

మా వృత్తిలో దీనికి సరిగ్గా సరిపోయే ఉదాహరణ ఉంది. గిట్ అనే పనిముట్టులో ‘బ్లేమ్’ అని ఒక ఆదేశం. ప్రోగ్రాంలో ఏ వాక్యాన్ని ఆఖరిసారి ఎవరు ముట్టుకున్నారో అది చూపిస్తుంది. తప్పు ఎవరి దగ్గర మొదలైందో చెప్పదు, చెప్పలేదు కూడా. కానీ పేరేమో బ్లేమ్ అని పెట్టారు! అర్ధరాత్రి సిస్టమ్ పడిపోయినప్పుడు అందరూ మొదట చూసేది ఆ పేరే. చాలాసార్లు అది మూడు నెలల కిందట చేరిన వాళ్లదై ఉంటుంది. ఆరేళ్ల కిందట ఎవరో అడ్డదిడ్డంగా కట్టిన గోడకి వాళ్లు కిటికీ పెట్టబోయారంతే.

*

నా కారు ఆరేళ్ల హ్యాచ్‌బ్యాక్. మా వీధిలో నిలిపి ఉండగా నీళ్ల ట్యాంకరు ఒకటి రివర్స్‌లో వచ్చి ముందు భాగాన్ని నొక్కింది. ఎండాకాలం ఈ కారిడార్‌లో ట్యాంకర్ల హడావిడి తెలిసిందే. ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి చూసి బానెట్, బంపరు మార్చమని రాశాడు. అయిదేళ్లు దాటిన బండికి మామూలు పాలసీలో ఇనుప భాగాల ధరలో 40 శాతం, రబ్బరు, ప్లాస్టిక్ భాగాల్లో 50 శాతం తరుగు కింద పోతుంది. అది నియమం, దాంతో నాకు పేచీ లేదు. ఒక షెడ్డులో మూడు రోజుల్లో పని చేసి ఇచ్చేశారు. సందులు చూడ్డానికి సమానంగానే ఉన్నాయి. కానీ మూయాలంటే రెండు చేతులతో గట్టిగా కొట్టాల్సి వచ్చేది. ఔటర్ మీద తొంభై దాటితే ముందు అంచు సన్నగా వణికేది.

అప్పుడు ఇంకో షెడ్డుకి తీసుకెళ్లాను. అక్కడి పెద్దాయన్ని కుర్రాళ్లందరూ ఉస్తాద్ అంటారు. ఆయన బానెట్ జోలికే పోలేదు మొదట. కొక్కెం విప్పి, బానెట్ దించి, ఒక మూల వేలెడు ఎత్తున లేచి ఉండటం నాకు చూపించాడు. తర్వాత టేపు తీసి, ఇంజన్ చుట్టూ ఉన్న చట్రాన్ని మూల నుంచి ఎదురు మూలకి రెండు వైపులా కొలిచాడు. గుమ్మం చట్రం సరిగ్గా ఉందో లేదో వడ్రంగులు చూసేది ఇలాగే: రెండు కర్ణాలూ సమానమైతేనే మూలలు సరిగ్గా ఉన్నట్టు. ఇక్కడ ఏడు మిల్లీమీటర్లు తేడా వచ్చింది.

“బానెట్‌ది తప్పు లేదు సార్. బాడీ జరిగింది. గా షెడ్డోళ్లు బానెట్‌ను మెలిపెట్టి, లాక్‌తోని గుంజి కూసోబెట్టిన్రు” అన్నాడు.

“ఇప్పుడేం చేద్దాం భాయ్?”

“రెండు తీర్ల చెయ్యొచ్చు. ఇట్లనే ఇంకింత సర్ది ఇస్త, సప్పుడు రాదు. అయిదు వందలియ్యున్రి. మీకు కనవడదు, రేపు కొనేటోళ్లకు గూడ కనవడదు. లేదంటే బాడీని గుంజాలె. రెండు దినాలు, ఎనిమిది వేలైతది. మీ ఇష్టం.”

ఆ బండిని ఇంకో ఆర్నెల్లలో అమ్మేద్దామనుకుంటున్న సంగతి మాటల్లో ఆయనకి చెప్పి ఉన్నాను. అందుకే ‘కొనేటోళ్లకు’ అన్నాడు. ఆయన ఎవర్నీ మోసం చేయమనలేదు. ఉన్న రెండు దార్లూ, వాటి ధరలూ చెప్పాడంతే. పాత కార్లు కొనేవాళ్లు మొదట చూసేవి ఈ సందులే, బానెట్ బోల్టుల మీద రంగు లేచిందా అన్నదే. సందు ఒక రకంగా బండి ఇచ్చే సాక్ష్యం. అయిదు వందలకి ఆ సాక్ష్యాన్ని మార్చేయొచ్చు.

*

సర్దుబాటుని సమర్థించే గట్టి వాదన ఒకటి చాలా పాతది. అరిస్టాటిల్ తన నికోమాకియన్ ఎథిక్స్ అయిదో పుస్తకంలో చట్టానికీ న్యాయానికీ తేడా చెబుతూ లెస్బోస్ ద్వీపపు తాపీవాళ్లు వాడే ఒక కొలబద్దని ప్రస్తావిస్తాడు. అది సీసంతో చేసింది. రాయి ఎలా ఉంటే అలా వంగుతుంది. అందరికీ ఒకేలా రాసిన చట్టం ఒక్కో మనిషి సందర్భానికి అతకనప్పుడు, దాన్ని ఆ సందర్భానికి వంచి అన్వయించడమే మెరుగైన న్యాయం అంటాడు. కాజా రంధ్రం చేసే పని కూడా ఇదేగా! గీసిన బొమ్మ ఒకటి, రోడ్డు మీద తిరిగిన బండి ఒకటి. బొమ్మ ప్రకారమే ఉండాలని పట్టుబడితే ఏ బానెట్టూ ఏ బండికీ పట్టదు. వంగడం తెలియని నియమం ఎవరికీ పనికిరాదు.

మా రంగంలో ఇదే వాదన ఇంకో రూపంలో ఉంది. 1980లో జాన్ పోస్టెల్ ఇంటర్నెట్ పునాది పత్రాల్లో ఒక సూత్రం పెట్టాడు. దాని సారాంశం: నువ్వు పంపేది కచ్చితంగా పంపు, అవతలివాళ్లు పంపేది మాత్రం కొంచెం అటూ ఇటూగా ఉన్నా స్వీకరించు. పొందిక లేని వేలాది యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలిగాయంటే అందులో ఈ ఔదార్యానికి పెద్ద వాటా ఉంది. మా తరం ఇంజనీర్లం దీన్ని సుభాషితంలా నేర్చుకున్నాం.

కానీ నలభై ఏళ్లు గడిచాక, 2023లో, ఇంటర్నెట్ ఆర్కిటెక్చర్ బోర్డు 9413 నంబరుతో ఒక పత్రం వేసింది. ఆ ఔదార్యం వల్ల కాలక్రమంలో జరిగే నష్టం గురించి అది. తప్పుగా పంపినదాన్ని అవతలివాడు మౌనంగా సర్దుకుంటే, పంపినవాడికి తన తప్పు ఎప్పటికీ తెలియదు. కొన్నాళ్లకి ఆ తప్పే అందరూ అనుసరించాల్సిన పద్ధతి అవుతుంది. కొత్తగా వచ్చేవాడు పత్రంలో రాసి ఉన్న నియమాలతో పాటు ఎక్కడా రాసిలేని తప్పులన్నిటికీ కూడా సర్దుకోవాలి. తప్పుల తడకగా రాసిన పేజీలని బ్రౌజర్లు ఏళ్ల తరబడి ఓపిగ్గా చూపిస్తూ పోయినందుకు, ఆ తర్వాత కొత్త బ్రౌజరు రాసిన ప్రతివాళ్లూ ఆ ఓపికని కూడా నేర్చుకోవాల్సి వచ్చింది.

రెండు వాదనలూ నిజమే. కాబట్టి సర్దుకోవడం మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు రాదు. ఏ సర్దుబాటు అని అడగాలి. ఆ షెడ్డులో నాకు అర్థమైనంతవరకు రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు తేలిపోతుంది.

మొదటిది: ఇక్కడ కాజా ఉందా? జరుపుకోవడానికి చోటు ఇచ్చిన దగ్గర ఎంతైనా జరపొచ్చు, అది ఆ వస్తువుకి హింస కాదు. చోటు ఇవ్వని దగ్గర జరపాలంటే సుత్తి కావాలి. ఇంకో సంగతి, ఏది ఎక్కడ వంగాలో కూడా తయారుచేసినవాళ్లు ముందే ఆలోచిస్తారు. బానెట్ కింది రేకులో కావాలనే కొన్ని బలహీనమైన చోట్లు పెడతారు. ఎదురు దెబ్బ తగిలితే అది మధ్యలో పైకి మడత పడాలి, అద్దాన్ని పగలగొట్టుకుని డ్రైవరు మీదికి దూసుకురాకూడదు. ఇప్పటి డిజైన్లలో బానెట్‌కీ ఇంజన్‌కీ మధ్య వదిలే ఖాళీకి కూడా ఒక పని ఉంది: రోడ్డు దాటే మనిషి తల వచ్చి తగిలితే రేకు లోపలికి దిగి కొంత దెబ్బని తను తీసుకోవాలి. సందు సరిపెట్టడానికి రేకుని మెలిపెట్టి, పుట్టీ మందంగా పూసి, అతుకులు వేస్తూ పోతే ఈ లెక్కలన్నీ పోతాయి. పైకి మాత్రం నున్నగా ఉంటుంది.

రెండోది: ఈ సర్దుబాటు బరువు ఎవరి మీద పడుతుంది? వాళ్లు ఆ షెడ్డులో ఉన్నారా? గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకి 50 కిలోమీటర్ల దగ్గర చదరపు మీటరుకి సుమారు 12 కిలోల బరువంత ఉంటే, 100 దగ్గర 47 కిలోలు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు మీద ఎక్కడైనా లాక్ జారి ఆ గాలి కిందికి దూరిందంటే, బానెట్ లేచి అద్దానికి కొట్టుకోవడం రెప్పపాటు పని. దీనికోసమే లాక్‌లో రెండో కొక్కెం ఒకటి ఉంటుంది. లోపల మీట లాగాక కూడా మనం వేలు పెట్టి జరిపితే తప్ప బానెట్ పూర్తిగా తెరుచుకోకపోవడానికి కారణం అదే. అమెరికా రవాణా భద్రతా నియమాల్లో 113వది ప్రత్యేకంగా దీని గురించే. మెలిపెట్టి గుంజిన బానెట్ కింద మొదటి కొక్కెం ఎప్పుడూ తన శక్తికి మించి పట్టుకుని ఉంటుంది. అది వదిలేస్తే ముందు చూపు పోయేది నడిపేవాళ్లకి. ఆ తర్వాత వెనకొచ్చే బండివాళ్లకి ప్రమాదం. ఆర్నెల్ల తర్వాత ఆ నడిపేవాళ్లు ఎవరో నాకు తెలియని మనుషులై ఉంటారు. అయిదు వందల రూపాయల సర్దుబాటు నాకూ ఉస్తాద్‌కీ మధ్య కుదిరిన ఒప్పందంలా కనిపిస్తుంది గానీ, నిజానికి అది వాళ్లతో వాళ్లకి తెలియకుండా చేసుకున్న ఒప్పందం.

నేను బాడీ గుంజించాను. అమ్మేటప్పుడు బానెట్ మారిందని, బాడీ గుంజించిందని చెప్పాను. ధర కొంత తగ్గింది. ఇందులో గొప్ప ఏమీ లేదు, ఎనిమిది వేలు పెట్టగలిగే జీతం ఉంది కాబట్టి సాధ్యమైంది. అసలైన అభ్యంతరం ఇక్కడే వస్తుంది.

*

మైండ్‌స్పేస్ సిగ్నల్ దగ్గర రోజూ మన పక్కనే ఆగే క్యాబ్ డ్రైవరునే తీసుకోండి. బండి రెండు రోజులు షెడ్డులో ఉంటే ఆ రెండు రోజుల సంపాదన పోతుంది, నెలవాయిదా మాత్రం ఆగదు. ఎనిమిది వేలు ఆయనకి చిన్న మాట కాదు. ఆయనకి ‘నైతికంగా బాడీ గుంజించాలి’ అని చెప్పడానికి నాకేం హక్కుంది? నీతి అనేది డబ్బున్నవాళ్లు కొనుక్కునే అదనపు ఫిట్టింగ్ అయితే ఇక ఈ వ్యాసం ఇక్కడితో ఆపేయొచ్చు.

ఇదే సంగతి ఉస్తాద్‌ని అడిగాను. “పైసల్లేనోళ్లు వస్తే ఏం చేస్తవ్ భాయ్?”

“సందు వంకర ఉండనిస్త సార్. లాక్ మాత్రం సక్కగ పెడ్త.”

నేను ఎన్నిసార్లు తిరగేసి చూసినా ఈ జవాబుకి మెరుగు పెట్టలేకపోయాను. నేను రెండు దార్లే అనుకున్నాను: పూర్తిగా సరిచేయడం, లేదా కనపడకుండా సర్దేయడం. ఆయన మూడోది చూపించాడు, అదీ అయిదు వందల్లోనే. బానెట్‌ని దాని సహజమైన వాటంలో వదిలేయాలి. ఎడమ పక్క మూడు, కుడి పక్క ఏడు మిల్లీమీటర్లు వస్తే రానివ్వాలి. ఆ కూర్చున్న తీరుకి లాక్‌ని జరిపి, కొక్కెం నడిమధ్యన పడేలా చేయాలి. అందం పోతుంది. చూసినవాళ్లు ‘ఏంటన్నా, గుద్దేశావా’ అంటారు. కానీ ఏ రేకూ బిగదీసుకుని ఉండదు, ఏ కొక్కెం మీదా పరాయి బరువు పడదు, రేపు కొనేవాడికి ఆ వంకర సందే అన్నీ చెప్పేస్తుంది. డబ్బు తక్కువైనప్పుడు వదులుకోవాల్సింది చూపు, పట్టు కాదు. చాలా షెడ్లలో, చాలా ఆఫీసుల్లో జరిగేది దీనికి తలకిందులు. పట్టుని వదిలేసి చూపుని కాపాడతారు, ఎందుకంటే బిల్లు కట్టేవాడు చూడగలిగేది అదొక్కటే.

*

మొదటి ప్రశ్న దగ్గరికి వస్తాను. సర్దుకోవాల్సింది చివర్న వచ్చినవాళ్లేనా?

తెలుగు వ్యాకరణాన్ని అడిగితే వేరే జవాబు చెబుతుంది. ‘వాడు’ పక్కన ‘ఎవడు’ వచ్చి నిలబడితే ‘వాడెవడు’ అవుతుంది. ముందు నుంచీ ఉన్న మాట తన చివరి ఉకారాన్ని వదులుకుని కొత్తగా వచ్చిన ఎకారానికి చోటిస్తుంది. ‘మా’ పక్కన ‘అమ్మ’ వస్తే ఎవరూ ఏదీ వదులుకోకుండా మధ్యలో ఒక యకారం వచ్చి ‘మాయమ్మ’ అవుతుంది, హింజ్ కింద వేసే వాషర్ లాగా. ఎక్కడ పాతది జరగాలి, ఎక్కడ మధ్యలో ఇంకేదో రావాలి అన్నది సందర్భాన్ని బట్టి ఉంటుంది. కొత్తదే ఎప్పుడూ ఒదగాలన్న నియమం లేదు. రెండు మాటల కలయికకీ, ఇద్దరు రాజుల ఒడంబడికకీ మనం ‘సంధి’ అన్న ఒకే మాట వాడతాం. ఒడంబడిక అన్నాక రెండు పక్కలా ఎంతోకొంత కదలాలి. ఒకరే కదిలితే దాన్ని లొంగుబాటు అంటాం.

కొత్త బానెట్ అచ్చులోంచి నేరుగా వచ్చింది. వంకర లేనిది అదొక్కటే. అయినా మొదటి షెడ్డులో వంచింది దాన్నే. ఎందుకంటే చేతికి తేలిగ్గా అందేది, తేలిగ్గా వంగేది అది. బాడీని గుంజాలంటే గొలుసులు కావాలి, కొలతలు కావాలి, ముందు అసలు బాడీలో తేడా ఉందని ఒప్పుకోవాలి. ఇల్లు గానీ ఆఫీసు గానీ ఇంతే. కొత్తగా వచ్చిన మనిషికి ఊపిరాడకపోతే ‘నీలోనే ఏదో ఉంది’ అనడం అయిదు వందల పని. చట్రానికి కర్ణాలు కొలవడం ఎనిమిది వేల పని. అలాగని కొత్తవాళ్లు ఎప్పుడూ ఒప్పు, పాతవాళ్లు ఎప్పుడూ తప్పు అనడం లేదు. ఒక్కోసారి బానెట్టే వంకరగా వస్తుంది, బయటి మార్కెట్లో చవగ్గా దొరికే వాటిలో అలాంటివి తగులుతుంటాయి. కొలిస్తే తెలుస్తుంది. నేను అడిగేది ఆ కొలవడం గురించే. ఎవరిని వంచాలో తేల్చుకునే ముందు ఎవరు వంకరగా ఉన్నారో చూడమని.

ఊళ్లకి కూడా ఇది వర్తిస్తుంది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు మాదాపూర్ రాళ్ల గుట్టల మధ్య ఒక పల్లె. ఆ పల్లె మీద ఒక కొత్త నగరాన్ని తెచ్చి కూర్చోబెట్టారు. ఇక్కడ వంగింది మాత్రం పాతది: గుట్టలు, చెరువుల అంచులు, ఎడ్లబండికి సరిపోయిన సందులు. ఆ సందుల్లోనే ఇప్పుడు ట్యాంకర్లు రివర్స్ చేస్తున్నాయి. కాబట్టి కొత్తవాళ్లే ఎప్పుడూ సర్దుకుంటారన్నది కూడా నిజం కాదు. బలం ఎవరి పక్క ఉంటే వాళ్లు కదలరు. మిగతావాళ్లు కదులుతారు. ఆ కదలడాన్నే మనం మర్యాదగా సర్దుకుపోవడం అంటున్నాం.

కొన్ని సర్దుబాట్లు లేకుండా ఎవరం బతకలేం. సీట్లో కొంచెం జరగనివాడితో ప్రయాణం ఎవరు చేస్తారు? జరగడానికి చోటుంటే, జరిగాక కూడా మనిషి తన వాటంలో తను కూర్చోగలిగితే, దాని ఖరీదు అక్కడ లేనివాళ్ల నెత్తిన పడకపోతే, సర్దుకోవడం మంచి గుణమే. ఆ మూడింట్లో ఏది లేకపోయినా, వంకర సందుని వంకరగానే ఉండనివ్వడం మేలు. పెళ్లయిన ఏడాదికి పుట్టింటికొచ్చిన అమ్మాయి మొహంలో ఏదో తేడా కనిపిస్తే, ప్రాజెక్టులో ఎనిమిది నెలలుగా ఉన్న కుర్రాడు మీటింగుల్లో మాట్లాడటం మానేస్తే, మనం సాధారణంగా చేసేది ఆ తేడా బయటికి కనపడకుండా చూడటం. నలుగురూ చూస్తే బాగుండదు అంటాం. నలుగురూ చూడనీ. సందు కనిపిస్తుంటేనే ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు టేపు తీసుకుని వచ్చి చట్రాన్ని కొలుస్తారు.